ట్రక్కు దగ్గర ఏ టాకో చెప్పాలి? ముందు గడియారం చూసుకోండి

మా అమ్మ కాలిఫోర్నియాలోని శాన్ డియెగో వచ్చినప్పుడు ఒక పొరపాటు చేశాను. ఇంటికి ముప్పై ఐదు నిమిషాల దూరంలో ఉన్న బండిలోనే వండి అమ్మే ఒక మెక్సికన్ ట్రక్కు నుంచి ఎనిమిది చేప టాకోలు (చిన్న రొట్టెలో చేప ముక్క పెట్టి మడిచేవి) పార్సిల్ కట్టించి తెచ్చాను. ట్రక్కు వాళ్ళ తప్పేమీ లేదు. అప్పుడే వేయించిన ముక్కలు రొట్టెల్లో పెట్టి, పైన క్యాబేజీ తురుము, తెల్లటి క్రీమ్ వేసి, డబ్బాలో సర్ది మూత పెట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి మూత తీసేసరికి లోపలంతా ఆవిరి, అడుగున నీళ్ళు. టాకో పైకి తీద్దామంటే రొట్టె మధ్యకి చిరిగి, ముక్క కింద పడింది. మాది పాలకొల్లు. చేపల విషయంలో మా అమ్మ దగ్గర ఎవరూ బుకాయించలేరు. ఒక ముక్క కొరికి, "ఏంట్రా, ఇంత దూరం పోయి నానిపోయిన బజ్జీలు పట్టుకొచ్చావా?" అంది.

మరుసటి ఆదివారం ఆవిడనే కారెక్కించుకుని అదే ట్రక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. అదే చేప, అదే పిండి, అదే మనిషి వేయించాడు. ట్రక్కు పక్కనే నిలబడి తింది. రెండోది తనే అడిగింది.

ఆ రెండు ఆదివారాల మధ్య మారింది ఒక్కటే, మూకుడులోంచి నోటిదాకా పట్టిన టైము. అందుకే ఎవరైనా "సీఫుడ్ టాకోల్లో ఏది బాగుంటుంది?" అని అడిగితే, "ఎక్కడ తింటారు, ఎంతసేపట్లో తింటారు?" అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. చేపా, రొయ్యా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.

ఏ ట్రక్కు దగ్గర ఆగాలి

లాస్ ఏంజెలిస్, శాన్ డియెగో వైపు టాకో ట్రక్కులు వీధికొకటి కనిపిస్తాయి. 1974లో రౌల్ మార్టినెజ్ అనే ఆయన పాత ఐస్‌క్రీమ్ బండిని మార్చి లాస్ ఏంజెలిస్‌లో టాకోలు అమ్మడం మొదలుపెట్టాడు. కింగ్ టాకో అనే పేద్ద హోటళ్ళ వరస అలా పుట్టింది. ఇప్పుడున్న ట్రక్కుల్లో ఎక్కువ భాగం బీఫ్, పోర్క్, చికెన్ టాకోలవే. మెనూ చివర్లో ఎక్కడో "ఫిష్ టాకో" అని కూడా రాసి ఉంటుంది. అక్కడ చేప చెప్పకండి. రోజుకి పది మంది కూడా అడగని ముక్క ఫ్రీజర్‌లో ఎన్నాళ్ళుగా ఉందో, మాంసం కాల్చిన పెనం మీదే ఎలా వేడవుతుందో ఎవరికి తెలుసు?

మీరు వెతకాల్సిన మాట "మారిస్కోస్", స్పానిష్‌లో సముద్రపు తిండి అని. ట్రక్కు మీద పెద్ద అక్షరాలతో ఆ మాట, పక్కనే రొయ్య బొమ్మో ఆక్టోపస్ బొమ్మో ఉంటే అది సముద్రపు సరుకు మీదే బతికే బండి. అక్కడ సరుకు నిలవుండదు. మధ్యాహ్నం మూడు, నాలుగింటికల్లా కట్టేసే మారిస్కోస్ ట్రక్కులు చాలా ఉన్నాయి. మెక్సికోలో సముద్రపు తిండి, అందులోనూ పచ్చిగా తినేది, ఎక్కువగా పగటి భోజనం. రాత్రి పదింటికి పచ్చి రొయ్యలు అమ్మే బండి కంటే, సామాను అయిపోయిందని రెండింటికే షట్టర్ దించే బండి మీద నాకు నమ్మకం ఎక్కువ.

లాస్ ఏంజెలిస్ కౌంటీలో అయితే హోటళ్ళకి ఇచ్చినట్టే ట్రక్కులకి కూడా ఆరోగ్య శాఖ ఏ, బి, సి గ్రేడులు ఇస్తుంది. ఆ కార్డు కిటికీ దగ్గరే కనిపిస్తుంది. దాన్ని చూశాక రెండు అడుగులు దగ్గరికి వెళ్ళి ముక్కుతో కూడా చూడండి. పాత నూనె వాసన, అమోనియా లాంటి ఘాటు తగిలితే గ్రేడు ఏ అయినా వెనక్కి తిరిగిపోవచ్చు. చేపల మార్కెట్‌కి వెళ్ళడం అలవాటున్న మనవాళ్ళకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు.

"ఫ్రెష్" అన్న మాట గురించి ఇక్కడే ఒకటి చెప్పాలి. ట్రక్కు మీద ఆ మాట ఉన్నంత మాత్రాన పొద్దున పడవలోంచి దిగిన చేప అనుకోకండి. చాలా ట్రక్కుల్లో రొయ్యలు గడ్డకట్టించినవే, చేపలు కూడా అంతే. అందులో తప్పేమీ లేదు. పట్టిన వెంటనే సరిగ్గా గడ్డకట్టించిన రొయ్య, మూడు రోజులు మంచు మీద పడున్న "ఫ్రెష్" రొయ్య కంటే మేలు. నేను చూసేదల్లా మీరు చెప్పాక వండుతున్నారా, ముందే వేయించి వేడి దీపం కింద పెట్టింది తీసి ఇస్తున్నారా అన్నదే.

చేప టాకో: అక్కడికక్కడే తినేవాళ్ళకి

పిండిలో ముంచి వేయించిన చేప టాకో పుట్టిల్లు మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా. అక్కడ ఎన్సెనాడా, సాన్ ఫెలిపే అనే రెండు ఊళ్ళు మాదంటే మాదని వాదించుకుంటాయి. ఎన్సెనాడాలో రేవు పక్కనే చేపల మార్కెట్ ఉంది. పేరు మెర్కాదో నెగ్రో, అంటే నల్ల బజారు. చుట్టుపక్కలంతా టాకో కొట్లే. అమెరికాలో దీన్ని జనానికి అలవాటు చేసినవాడు రాల్ఫ్ రూబియో. కాలేజీ రోజుల్లో సాన్ ఫెలిపే బీచ్‌లో తిన్న టాకో మర్చిపోలేక, 1983లో శాన్ డియెగోలోని మిషన్ బే దగ్గర చిన్న కొట్టు పెట్టాడు. శాన్ డియెగో వాళ్ళు చేప టాకోని సొంత ఊరి వంటలా చెప్పుకోవడం వెనక ఇంత కథ ఉంది. (వారాంతంలో ఎన్సెనాడా వెళ్ళొద్దామని ఎవరైనా అంటే, హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళు ముందు లాయర్‌ని ఒక మాట అడగండి. టాకో కోసం స్టాంపింగ్ టెన్షన్ తెచ్చుకోవద్దు.)

మంచి బండి దగ్గర కిటికీ పక్కకి జరిగి, వేయించే మనిషిని ఒక్క నిమిషం చూడండి. వేలంత వెడల్పు, జానెడు పొడవు ఉన్న చేప ముక్కని పిండిలో ముంచి, గిన్నె అంచుకి ఒకసారి రాసి, మిగతా పిండి జారిపోయాక నూనెలోకి వదులుతాడు. విసరడు. కొసతో పట్టుకుని, సగం ముక్క నూనెలో తేలేదాకా ఆగి, అప్పుడు చెయ్యి తీస్తాడు. మన మిర్చి బజ్జీ వేసేవాళ్ళ చెయ్యి అచ్చం ఇలాగే కదులుతుంది. మొదట నూనె గోలగోలగా పొంగుతుంది. రెండు మూడు నిమిషాలకి ఆ చప్పుడు సన్నగిల్లి, బుడగలు చిన్నవవుతాయి. అప్పుడు తీస్తాడు. మన బజ్జీకీ దీనికీ తేడా పిండిలో ఉంది. ఇది శనగపిండి కాదు, మైదా. అందులో ఓరెగానో, కొందరు ఆవపిండి, కొందరు బీరు కలుపుతారు. బీరు పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తెలుసుకోవాలి. పై పొర బజ్జీ కంటే పలచగా, గుల్లగా ఉంటుంది. అందుకే అంత తొందరగా మెత్తబడుతుంది కూడా.

ఎందుకు మెత్తబడుతుందో చెప్పడం తేలిక. లోపల చేపలో నీళ్ళున్నాయి. వేడికి అవి ఆవిరై బయటికి వస్తుంటాయి. గాలి తగులుతుంటే ఆవిరి పోతుంది. మూత పెడితే, రేకులో చుడితే, పోవడానికి దారి లేక పై పొరలోకే దిగుతుంది. దానికి తోడు పైన క్రీమ్, కింద రొట్టె. చేతికొచ్చిన నాలుగైదు నిమిషాల్లో తినేస్తే కరకర వినిపిస్తుంది. పదిహేను నిమిషాలకి సగం పోతుంది. ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ అన్న మాటే మీకూ వినిపిస్తుంది.

చేప ఏ రకం అని అడగాలా? అడగండి, కానీ దాని గురించి ఎక్కువ ఆలోచించకండి. ఎన్సెనాడాలో చిన్న సొర చేప ముక్కలు వాడే అలవాటు ఉంది. ఇక్కడ ట్రక్కుల్లో కాడ్, పొలాక్, తిలాపియా, స్వాయి కనిపిస్తాయి. స్వాయి అంటే మరేదో కాదు, మన కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచే పంగస్ చేపే. అమెరికాకి ఎక్కువగా వియత్నాం నుంచి వస్తుంది. వేయించిన టాకోలో చేప మెత్తగా, తెల్లగా, ఎక్కువ నీచు లేకుండా ఉంటే చాలు. మిగతా పని పిండి, నిమ్మరసం, సల్సా (వాళ్ళ మిరప పచ్చడి) చూసుకుంటాయి. కాల్చిన టాకోలో మాత్రం చేప రకం బాగా తెలుస్తుంది. అక్కడ దాక్కోవడానికి పిండి లేదు. మహి-మహి గానీ హాలిబట్ గానీ ఉంటేనే కాల్చింది చెప్పండి. తిలాపియా కాలిస్తే పెనం మీద చపాతీ ముక్కలా ఎండిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మహి-మహిని స్పానిష్‌లో "దొరాదో" అంటారు. కరకరలాడేలా వేయించిన టాకోని "టాకో దొరాదో" అంటారు. ఒకటి చేప పేరు, ఒకటి వండే తీరు. నేను కాల్చిన మహి-మహి అనుకుని చెప్పి, నూనెలో వేగిన రొయ్యల టాకో అందుకున్న రోజు ఒకటుంది. బాగుంది కాబట్టి గొడవ చేయలేదు.

రొయ్య టాకో: మూడు తీర్లు, మూడు రకాల జనం

రొయ్యల దగ్గర మన తెలుగువాళ్ళం కాస్త గర్వపడొచ్చు. ఈ ట్రక్కుల్లో ఎక్కువగా కనిపించే తెల్ల రొయ్య వనామీ. దాని సొంత ఊరు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. 2009లో ఇండియాలో దాని పెంపకానికి అనుమతి వచ్చాక, గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి నెల్లూరు దాకా చెరువులన్నీ వనామీ చెరువులైపోయాయి. అమెరికాకి రొయ్యలు పంపే దేశాల్లో చాలా ఏళ్ళపాటు ఇండియా మొదటి స్థానంలో ఉంది. ఇండియాలో ఎక్కువ రొయ్య పండేది ఆంధ్రలోనే. కాబట్టి మీ టాకోలో ఉన్న రొయ్య భీమవరం చుట్టుపక్కల చెరువులో పెరిగి, గడ్డకట్టి, సముద్రం దాటి, తన ముత్తాతల ఊరి వంటలోకి చేరి ఉండొచ్చు. ఇది చెప్పినప్పుడు మా అమ్మ నవ్వలేదు. "మరి అక్కడ కిలో రెండొందలు పలకడం లేదని ఏడుస్తుంటే, ఇక్కడ మూడు రొయ్యలకి అయిదు డాలర్లా?" అంది.

మొదటి తీరు, చేపలాగే పిండిలో ముంచి వేయించింది. దీని గురించి చెప్పడానికేమీ లేదు. చేప ముక్కకి వర్తించిందంతా దీనికీ వర్తిస్తుంది. నా మటుకు నేను చేపకే ఓటేస్తాను. పిండి తొడుగులో రొయ్య రుచి దాక్కుంటుంది, డబ్బులేమో ఎక్కువ.

రెండోది టాకో దొరాదో దె కమరోన్, అంటే కరకరలాడేలా వేయించిన రొయ్య టాకో. దీని కోసం లాస్ ఏంజెలిస్ దాకా కారు నడపొచ్చు. బాయిల్ హైట్స్‌లో ఒలింపిక్ బులెవార్డ్ మీద నిలబడే మారిస్కోస్ హలీస్కో ట్రక్కు దీనికి పెట్టింది పేరు. యజమాని రౌల్ ఓర్తేగాది మెక్సికోలోని హలీస్కో రాష్ట్రం, సాన్ హువాన్ దె లోస్ లాగోస్ అనే ఊరు. సముద్రానికి దూరంగా ఉన్న ఊరి నుంచి వచ్చిన మనిషి ఇంత పేరున్న రొయ్యల టాకో అమ్మడం నాకు భలే ఇష్టమైన విషయం. పులిట్జర్ బహుమతి అందుకున్న మొదటి ఫుడ్ క్రిటిక్ జోనాథన్ గోల్డ్ ఈ ట్రక్కుని మెచ్చుకున్నవాళ్ళలో ఒకడు.

ఇందులో రొయ్య ముద్దని మొక్కజొన్న రొట్టెలో పెట్టి, మడిచి, మొత్తం రొట్టెతో సహా నూనెలో వేస్తారు. కజ్జికాయ గుర్తు తెచ్చుకోండి, తీపి లేకుండా. పైన పలచటి టమాటా సల్సా పోసి, అవకాడో చెక్కలు పెట్టి ఇస్తారు. మొదటి కొరుకుకి రొట్టె పెళ్ళున విరుగుతుంది, లోపల రొయ్య మిశ్రమం మెత్తగా, దాదాపు క్రీమ్‌లా ఉంటుంది. కరకరలాడే పొర ఇక్కడ రొట్టెదే కాబట్టి పిండి తొడుగంత తొందరగా లొంగదు. అయినా పైన పోసిన సల్సా పని చేస్తూనే ఉంటుంది. సల్సా పక్కన విడిగా ఇమ్మంటే పది, పదిహేను నిమిషాలు ఆగుతుంది. ఆఫీసు కారులో కూర్చుని తినేవాళ్ళకి ఇది చేప టాకో కంటే నయం.

మూడోది గోబెర్నదోర్, అంటే గవర్నర్ టాకో. ఇది మెక్సికోలోని సినలోవా రాష్ట్రం నుంచి వచ్చింది. అప్పటి గవర్నర్ ఫ్రాన్సిస్కో లబస్తీదా హోటల్‌కి వస్తున్నాడని ఆయన కోసం ప్రత్యేకంగా చేశారని కథ. పెనం మీద రొయ్యలు, ఉల్లి, పొబ్లానో మిరప చీలికలు వేయించి, కరిగే చీజ్‌తో కలిపి రొట్టెలో మడిచి, మళ్ళీ పెనం మీద రెండు వైపులా కాలుస్తారు. రొయ్యకి చీజా అని మొహం చిట్లించకండి. పొబ్లానో మిరపకి కారం తక్కువ, వాసన ఎక్కువ. మన బజ్జీ మిరపకాయ దగ్గరి చుట్టమనుకోండి.

ఈ టాకో ఇల్లు చేరేదాకా ఆగుతుంది. వేయించిన పొర లేదు కాబట్టి మెత్తబడటానికేమీ లేదు. ఇంటికి తెచ్చాక పొడి పెనం మీద సన్న మంటన వేడి చేస్తే చీజ్ మళ్ళీ కరిగి, రొట్టె అంచులు కరకరమంటాయి. మైక్రోవేవ్‌లో పెడితే రొయ్య రబ్బరవుతుంది, వద్దు. కారం అలవాటు లేని పిల్లలకి, మొదటిసారి మెక్సికన్ తినే పెద్దవాళ్ళకి కూడా నేను ఇదే చెప్తాను. పెద్దగా కొత్తగా అనిపించదు, భయపెట్టదు. ఆ మాటకొస్తే అదే దీని లోపం కూడా. మూడోసారి తిన్నాక చీజ్ తప్ప ఏమీ గుర్తుండదు.

పచ్చివి: సెవిచే, అగ్వాచిలే

ఇక్కడ మాత్రం కాస్త గట్టిగానే చెప్తాను. మారిస్కోస్ ట్రక్కు మెనూలో సగం చల్లటి తిండే. సెవిచే అంటే చేప గానీ రొయ్య గానీ చిన్న ముక్కలు చేసి నిమ్మరసంలో ఊరబెట్టి, టమాటా, ఉల్లి, కొత్తిమీర కలిపింది. అగ్వాచిలే సినలోవా వైపు వంట. పచ్చి రొయ్యని నిలువునా చీల్చి, నిమ్మరసం, పచ్చిమిర్చి నూరిన పులుసులో వేసి, ఆ నిమిషానే చేతికిస్తారు. రెండిటినీ ఎక్కువగా తోస్తాదా మీద, అంటే అప్పడంలా వేయించిన గట్టి మొక్కజొన్న రొట్టె మీద పెట్టిస్తారు. ఎన్సెనాడాలో లా గెర్రెరెన్సే అనే వీధి బండి ఈ తోస్తాదాలతోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది.

రుచి మాటకొస్తే, ఎండాకాలం మధ్యాహ్నం అగ్వాచిలేకి సాటి లేదు. నిమ్మ పులుపు, పచ్చిమిర్చి ఘాటు, చల్లటి రొయ్య తీపి. మన నాలుకకి ఇదే అన్నిటికంటే దగ్గర. అయితే నిమ్మరసంలో రొయ్య తెల్లబడిందంటే ఉడికిందని కాదు. పులుపుకి మాంసకృత్తులు గట్టిపడతాయి, అంతవరకే. క్రిములు చావాలంటే వేడి తగలాలి. వెచ్చటి సముద్రపు నీళ్ళలో ఉండే విబ్రియో జాతి బ్యాక్టీరియా నిమ్మరసానికి గానీ, హాట్ సాస్‌కి గానీ జడవదు. పచ్చి ఆయిస్టర్లతో (ఆలుచిప్పల్లాంటివి) ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే కాలిఫోర్నియాలో 2003 నుంచి, మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే శుద్ధి చేయని పచ్చి ఆయిస్టర్లని ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా అమ్మనివ్వడం లేదు.

కాబట్టి కడుపుతో ఉన్నవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, కీమో లాంటి వైద్యంలో ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు, అరవై ఐదు దాటిన అమ్మానాన్నలు పచ్చి వైపు వెళ్ళొద్దు. ఇందులో రుచి, ఇష్టం అనే చర్చే లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తినొచ్చు, కానీ పగటిపూట, జనం కిక్కిరిసి ఉన్న బండి దగ్గర, మంచులో పాతిన డబ్బాలోంచి తీస్తున్నారని కళ్ళారా చూసి తినండి. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం చల్లగా ఉంచాల్సిన తిండి 41 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదు. గిన్నె బయట బల్ల మీద, కరిగిన మంచు నీళ్ళలో తేలుతుంటే మీకు థర్మామీటర్ అక్కర్లేదు. పార్సిల్ మాట ఎత్తకండి. ఉడికించిన రొయ్యలతో చేసే సెవిచే కూడా కొన్ని చోట్ల దొరుకుతుంది. "కమరోన్ కొసీదో?" అని అడిగితే ఉడికించినదో కాదో చెప్తారు.

మా అమ్మ అగ్వాచిలే గిన్నె వంక చూసి, "పొయ్యి ఖాళీగానే ఉందిగా, రెండు నిమిషాలు వేస్తే వాడి సొమ్మేం పోయింది?" అంది. నేను వాదించలేదు.

ఆక్టోపస్ ఒకసారి తిని చూడండి. బాగా ఉడికించి, తర్వాత పెనం మీద కాల్చినదైతే అంచులు మాడిన వాసనతో బాగుంటుంది, లేకపోతే చెప్పు కొరికినట్టుంటుంది. ధర కూడా ఎక్కువ. పొగబెట్టిన మార్లిన్ చేప టాకో కనిపిస్తే వదలొద్దు. ఎండుచేప కూర ఇష్టపడే ఇంట్లో పుట్టినవాళ్ళకి అది వెంటనే ఎక్కుతుంది.

రొట్టె, సల్సా, పక్కనున్నవి

మొక్కజొన్న రొట్టెనా, మైదా రొట్టెనా అని అడుగుతారు. చేపకీ, రొయ్యకీ మొక్కజొన్నదే. గోబెర్నదోర్‌కి ఏదైనా పర్లేదు. మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి ఈ రొట్టెలు చేస్తారు. వేడి రొట్టె ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చే ఆ మట్టి లాంటి వాసన సున్నం వల్లే. మైదా రొట్టెతో ఇంకో ఇబ్బంది ఉంది. కొన్ని రకాల్లో పంది కొవ్వు కలుపుతారు. దాని పేరు మంతేకా. ముద్దగా చేసిన రాజ్మా లాంటి బీన్స్‌లోనూ అది ఉండొచ్చు, అన్నంలో చికెన్ ఉడికించిన నీళ్ళు ఉండొచ్చు. పోర్క్ తినని ఇంటివాళ్ళు "మంతేకా?" అని ఒక్క మాట అడిగితే చాలు, వాళ్ళకి అర్థమవుతుంది.

మీతో వచ్చినవాళ్ళలో ఎవరికైనా శనివారం నియమం ఉంటే, మారిస్కోస్ ట్రక్కు దగ్గరికి తీసుకెళ్ళి ఇబ్బంది పెట్టకండి. చీజ్ కెసడియా (చీజ్ పెట్టి కాల్చిన రొట్టె) అడిగితే చేసిస్తారు గానీ అదే పెనం, అదే గరిటె. నియమాలు మనకే కాదు, మెక్సికన్ కాథలిక్కులకీ ఉన్నాయి. ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల్లో శుక్రవారాలు వాళ్ళు మాంసం ముట్టరు, చేప తింటారు. ఆ శుక్రవారాల్లో క్యూలు పొడుగ్గా ఉంటాయి. అయినా నేను ఆ రోజుల్లోనే వెళ్తాను. సరుకు అంత వేగంగా కదిలే రోజులు ఏడాదిలో మరిన్ని ఉండవు.

సల్సాలు కిటికీ పక్కన వరసగా ఉంటాయి. మనవాళ్ళు "మేం గుంటూరు కారం తిన్నాం" అని ధీమాగా ఎర్రది పోసుకుంటారు. నారింజ రంగులో, నున్నగా, అమాయకంగా కనిపించేది అబనేరో అనే ఘాటు మిరపతో చేసింది అయి ఉండొచ్చు. మన మిరప కారం నాలుక ముందు భాగంలో మొదలై తగ్గుతుంది. అబనేరో మెల్లిగా గొంతులో మొదలై అక్కడే కూర్చుంటుంది. చెంచా కొసతో మొదలుపెట్టండి. మిరప మన దేశానికి వచ్చింది వాళ్ళ వైపు నుంచే కాబట్టి పెద్దరికం వాళ్ళకే వదిలేద్దాం.

తాగడానికి హమైకా చెప్పండి. ఎర్రగా, పుల్లగా ఉండే చల్లటి పానీయం. మనం ఆకుతో పచ్చడి చేసుకునే గోంగూర మొక్కే అది. వాళ్ళు ఆకు వదిలేసి, పువ్వు రాలాక మిగిలే ఎర్రటి తొడిమ రేకుల్ని ఎండబెట్టి నానబెడతారు. వేయించిన చేప తర్వాత ఆ పులుపు నోరంతా కడిగినట్టుంటుంది. ఓర్చాతా బియ్యంతో చేసే తియ్యటి పాల రంగు పానీయం. కారం ఎక్కువైనప్పుడు అది పనికొస్తుంది.

మరి మీరేం చెప్పాలి

మొదటిసారి వెళ్తున్నారా, అక్కడే నిలబడి తింటారా? వేయించిన చేప టాకో చెప్పండి, పెస్కాదో అనండి. "కోన్ తోదో" అంటే అన్నీ వేసి ఇస్తారు. క్రీమ్ వద్దంటే "సిన్ క్రేమా". దానితో పాటు ఒక రొయ్య దొరాదో తీసుకుంటే, ఆ ట్రక్కు పనితనం ఏ పాటిదో ఈ రెండిటితో తెలిసిపోతుంది.

పార్సిలే కావాలంటే గోబెర్నదోర్, కాల్చిన మహి-మహి, పొగబెట్టిన మార్లిన్, ఈ మూడిట్లో ఏదైనా. ఇంట్లోవాళ్ళకి వేయించిన చేపే తినిపించాలని పట్టుబడితే, ముక్కలు, రొట్టెలు, క్యాబేజీ, సల్సా అన్నీ విడివిడిగా ఇమ్మనండి. ముక్కల్ని మూత లేని కాగితం ట్రేలో పెట్టించుకుని, ఇంటికెళ్ళాక ఎయిర్ ఫ్రయర్‌లో మూడు నాలుగు నిమిషాలు వేడి చేయండి. ట్రక్కు దగ్గర తిన్నట్టు ఉండదు గానీ, అమ్మతో మాట పడేంత ఘోరంగానూ ఉండదు.

నూనె తగ్గించాలనుకునేవాళ్ళకి కాల్చిన చేప, లేదా ఉడికించిన రొయ్యల సెవిచే తోస్తాదా. తోస్తాదా కూడా వేయించిందే, కాబట్టి డైట్ అని మిమ్మల్ని మీరు మరీ మోసం చేసుకోకండి. రొయ్య పడనివాళ్ళు మారిస్కోస్ ట్రక్కు దగ్గర ఏదీ చెప్పకపోవడమే మంచిది. చేపకీ రొయ్యకీ ఒకే నూనె, ఒకే పెనం. పడకపోవడం అంటే ఒళ్ళు దద్దుర్లు మాత్రమే అనుకునేవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. ఊపిరి ఆగేదాకా పోవచ్చు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు మనిషికి రెండేసి మాత్రమే చెప్పండి. నలుగురికి కలిపి పన్నెండు ఒకేసారి చెప్తే, పన్నెండోది చేతికొచ్చేసరికి మొదటిది చల్లారిపోతుంది. రెండు తిని, చెయ్యి తుడుచుకుని, మళ్ళీ క్యూలో నిలబడండి. మా అమ్మ అలాగే నిలబడింది. ముందున్న కుర్రాడి ప్లేటులోకి తొంగి చూసి, నా వైపు తిరిగి, "ఆ కజ్జికాయ లాంటిది రెండు చెప్పు, పైన పోసే ఆ ఎర్ర నీళ్ళు పక్కన పెట్టమను" అంది.